రంజాన్ బజార్లో మా బావ నాలుక

మా బావని గోడౌన్‌లో ఎవరూ పేరుతో పిలవరు. చాల్లేదు అంటారు. "చాల్లేదు వచ్చాడా?" అన్నా, "చాల్లేదెక్కడ చచ్చాడు?" అన్నా మా బావ గురించే. మధ్యాహ్నం డబ్బా మూత తీసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన నోట్లోంచి వచ్చే మాట అది. ఉప్పు చాల్లేదు.

ఆ డబ్బా కట్టేది మా అక్క. అంటే ఆ బాణం అక్క మీదికి వేసింది. అక్క అక్కడ ఉండదు కాబట్టి వచ్చి నాకు తగులుతుంది.

"మీ అక్క చేతిలోంచి ఉప్పు కూడా రాలదురా బామ్మర్దీ. ఏం వంశంరా మీది!"

పెళ్ళైన మర్నాటి నుంచీ ఇదే పాట. ఇంట్లో అయితే అక్క వాదన పెట్టుకోదు. కంచం పక్కన ఉప్పు డబ్బా ఠంగుమని పెట్టి, "కానివ్వండి, మీరూ మీ సముద్రమూ" అని లోపలికి పోతుంది.

ఉప్పు ఒక్కటే కాదు, ఆయనకి తెలియని సంగతి లేదు. లారీ వెనక్కి తీస్తుంటే డ్రైవరుకి తీయడం నేర్పుతాడు. సూది వేయించుకోవడానికి వెళ్ళి ఎక్కడ పొడవాలో డాక్టరుకి చెప్పి వస్తాడు. బడికి నాలాగే నాలుగు రోజులు వెళ్ళాడు. అక్కడ నేర్చుకున్నదల్లా ఇంటి గంట ఎప్పుడు కొడతారన్నదే. ఆ తర్వాత మా ఇద్దరి చదువూ బస్తాల మీదే సాగింది.

మా పని ఎలా ఉంటుందంటే, లారీ పైన ఇద్దరు నిలబడి బస్తాని చెరో చివరా పట్టుకుని ఎత్తుతారు. కింద ఉన్నవాడు వంగి వీపు పెడతాడు. లారీ మీద ఒక చివర మా బావ, రెండో చివర నిదానం. కింద వీపు నాది.

నిదానం అన్నది కూడా మేము పెట్టిన పేరే. మాకంటే పెద్దవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. బస్తా వీపు మీద పెట్టేటప్పుడు "నిదానం... నిదానం..." అంటూ చంటిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు వేస్తాడు. మా బావ తన చివరని బావిలో చేద వదిలినట్టు వదులుతాడు. అందుకే నా వీపులో ఎడమ సగం నిదానానిది, కుడి సగం బావది. మబ్బు పట్టినప్పుడు నొప్పి పుట్టేది కుడి సగమే.

అలాంటి నిదానం ఒకరోజు లారీ మీంచి దిగి మళ్ళీ ఎక్కలేకపోయాడు. మోకాలు పోయింది. ఇక బరువులు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. గోడౌన్ ఓనరు వచ్చి ఆప్యాయంగా చెయ్యి కలిపాడు. కలిపిన చేతిలో ఏమీ లేదు.

పిల్లలు లేరు. మిగిలిన దారి ఒక్కటే. ఇంకో ఊళ్ళో ఉన్న తమ్ముడింటికి భార్యాభర్తలిద్దరూ పోయి ఉండాలి. తమ్ముడు మంచివాడు. మరదలు మరీ మంచిది.

"అదేరా బాధ," అనేవాడు నిదానం. "పూటకోసారి వచ్చి 'ఏమన్నా కావాలా బావగారూ' అంటుంది. ఏం కావాలంటాం? నా కాళ్ళు నాకు కావాలమ్మా అంటామా? అలా అడిగించుకుంటూ కూర్చునేదానికంటే బస్తా కింద పోయినా బాగుండేది."

ఇంతలో రంజాన్ నెల దగ్గరపడింది. నిదానం భార్య గోధుమరవ్వ, మాంసం కలిపి జావ కాస్తుంది. ఏటా ఆ నెలలో మా ఇంటికి గిన్నెడు వచ్చేది. దాన్ని తింటూ మా బావ కూడా ఒక్క క్షణం నోరు మూసుకునేవాడు. ఆ తర్వాత "ఉప్పు ఒక్కటే..." అనేవాడనుకోండి. ఆ జావని బజార్లో పెట్టి అమ్మాలని నిదానానికి ఆలోచన వచ్చింది.

రంజాన్ బజారంటే నెల రోజులూ సాయంత్రం పూట పాత వీధి నిండా తిండి దుకాణాలే. అందులో మూల జాగా ఒకటి ఖాళీ అయ్యింది. దాని మీద పక్కనే ఉన్న షర్బత్తాయన కన్ను పడింది. తన బావమరిదిని అక్కడ కూర్చోబెట్టాలని ఆయన ఆశ. జాగాలు పంచేది గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన. వీధిలో ఆయన మాటే మాట. ఆయన ఇద్దరి వాదనా విని నిదానంతో ఇలా అన్నాడట:

"మొదటి రోజు సాయంత్రం నీకిస్తా. రాత్రి ప్రార్థన అయ్యి నేను బయటికొచ్చేసరికి నీ కుండ ఖాళీ అయ్యిందా, ఈ నెలే కాదు, పండగ అయ్యాక కూడా ఆ మూల నీదే, రోజూ అమ్ముకో. జావ మిగిలిందా, మర్నాటినుంచి ఇతని బావమరిదిది. మళ్ళీ నా దగ్గరికి రావద్దు."

కుండ ఖాళీ అయితే మూల, లేదంటే మరదలి ఇల్లు.

ముందు రోజు నిదానం గోడౌన్ దగ్గరికి కుంటుకుంటూ వచ్చి నన్ను పక్కకి పిలిచాడు.

"రేపు పని దిగగానే బజారుకి రా తమ్ముడూ. ఉప్పు చూడాలి."

"నేనెందుకు భాయ్? వదిన చూడదా?"

"ఇద్దరం రోజా ఉంటాం కదరా. పొద్దు గూకేదాకా నోట్లో ఏమీ పడకూడదు."

"నాలుక చివర పెట్టుకుని ఊసేస్తే తప్పులేదంటారుగా?"

"అంటారు. నా నాలుక మీద నాకు నమ్మకం లేదు. ఊసెయ్యమంటే మింగేస్తుంది." నవ్వి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోమాట. మీ బావకి చెప్పకు."

చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఆయన బస్తాల వెనకే పడుకుని ఉన్నాడు.

"ఉప్పు చూడాలంటే నన్ను కదరా పిలవాలి!" అంటూ లేచి కూర్చున్నాడు. "ఈ ఊళ్ళో ఉప్పు సంగతి తెలిసినవాడు నాకంటే ఎవడున్నాడు?"

నిదానం నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, మర్నాడు బావని వెంటబెట్టుకుని బయల్దేరాను.

ఆ వీధి మాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి పొద్దున్నే అక్కడ పిండి బస్తాలు దించాం. కానీ వీపు మీద బస్తా ఉన్నవాడికి వీధి కనపడదు, నేల కనపడుతుంది. ఏ దుకాణం ముందు గుంట ఉందో, ఏ గడప ఎత్తో, కుక్క ఎక్కడ అడ్డంగా పడుకుంటుందో నాకు తెలుసు. ఆ దుకాణాలకి పైన బోర్డులున్నాయని, వాటికి రంగులున్నాయని ఆ సాయంత్రమే తెలిసింది. రంజాన్ నెలలో సాయంత్రం పూట ఆ వీధిలో అడుగు పెట్టడం మాకదే మొదలు.

పొద్దున్నుంచీ సిమెంటు దించాం. ఎండ మాడ్చేసింది. చెమట పట్టడం, ఆరడం, మళ్ళీ పట్టడం. మా చొక్కాల వీపుల మీద ఉప్పు తెల్లగా పేరుకుని చారలు కట్టింది. బావ చొక్కా మీద అయితే గోడకి సున్నం వేసి మధ్యలో వదిలేసినట్టుంది. కడుపులో ఆకలి సరేసరి.

వీధి మొదట్లోనే బావ ఆగిపోయాడు. ఒకచోట బొగ్గుల మీద చువ్వలకి గుచ్చిన మాంసం చిటపటమంటోంది. ఇంకోచోట బాణలిలో పకోడీలు పొర్లుతున్నాయి. ఖర్జూరాలు గుట్టలు పోశారు. పుచ్చకాయ ముక్కలు, పాకంలో తేలే మిఠాయిలు, మూరెడేసి రొట్టెలు. తిరునాళ్ళలా జనం. అందరూ కొంటున్నారు, పొట్లాలు కట్టించుకుంటున్నారు, పళ్ళేలు పరుచుకుని కూర్చుంటున్నారు. నోరు మాత్రం ఒక్కటీ కదలట్లేదు.

"ఇదేం వీధిరా!" అన్నాడు బావ, గుడి మెట్లెక్కినవాడిలా గొంతు తగ్గించి. "ఇంత తిండి ముందర పెట్టుకుని ఒక్కడూ తినడేం?"

"పొద్దు గూకాలి బావా."

"మనకి గూకక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"అయితే ఒక్క పకోడీ..." అని బాణలి దగ్గరికి చెయ్యి చాపాడు.

పకోడీలు వేసేవాడు తల ఎత్తి చూశాడు. పెదాలు ఎండి తెల్లగా పగిలి ఉన్నాయి. మొహమంతా నూనె సెగ. "తీసుకో అన్నా, పర్లేదు. వేడిగా ఉంది, చూసుకో," అన్నాడు మంచిగా.

బావ చెయ్యి సగం దారిలో ఆగింది. కాసేపు గాల్లోనే ఉంది. తర్వాత అది వెళ్ళింది చెవి గోక్కోవడానికే అన్నట్టు చెవి గోక్కుని వెనక్కి వచ్చింది.

"ఏడిసినట్టుంది," అని గొణిగాడు కాస్త దూరం నడిచాక. "చెయ్యి తియ్యరా అని కసురుకుని ఉంటే తినేవాణ్ణి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు తాగనివాడు తీసుకో అన్నాక ఎలా తినేది?"

అలా రెండు వైపులా తిండి ఉన్న వీధిలో మా బావ చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. నా ఎరుకలో అలా నడవడం అదే మొదటిసారి.

మూల మీద టార్పాలిన్ కింద నిదానం కుండ ఉంది. కుండ కాదు, గుండిగ. మా ముగ్గురినీ కూర్చోబెట్టి మూత వేయొచ్చు. సన్నని సెగ మీద జావ బుడబుడమంటోంది. వాసన సంగతి చెప్పను, చెప్తే మళ్ళీ ఆకలేస్తుంది. నిదానం ఉతికిన చొక్కా వేసుకుని, గరిటె పట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లలా చెమటలు కక్కుతున్నాడు. బావని చూడగానే ఇంకాస్త కక్కాడు.

పక్కన షర్బత్తాయన. ఎర్రటి షర్బత్ నింపిన గాజు జాడీలు, ఐసు గడ్డలు, వరసగా గ్లాసులు. మమ్మల్ని ఎగాదిగా చూసి నిదానంతో అన్నాడు:

"వీళ్ళేనా నీ వంటవాళ్ళు? గోడ కట్టడానికి వచ్చారేమో అనుకున్నా."

"గోడే కడతాం," అన్నాడు బావ. "నీకూ మాకూ మధ్యలో."

"కట్టుకో, కట్టుకో. రేపు మా బావమరిది వచ్చి పడగొడతాడు."

నిదానం బావ చెయ్యి పట్టుకుని టార్పాలిన్ వెనక్కి లాక్కెళ్ళాడు. రోజా ఉన్నవాళ్ళ ఎదుట తినడం బాగోదని ఉప్పు చూడ్డానికి అక్కడ చోటు చేశాడు. జేబులోంచి చిన్న గుడ్డ మూట తీశాడు.

"ఇంట్లో మీ వదిన సగం ఉప్పు వేసి కాచింది. మిగతా సగం ఈ మూటలో కట్టిచ్చింది. ఇప్పుడే వేసి కలిపా. సరిపోయి ఉండాలి. ఊరికే ఒకసారి చూసి ఊ అనండి చాలు."

ఊ అంటే ఆయన మా బావ ఎందుకవుతాడు?

చిన్న గిన్నె అందుకున్నాడు. ముందు వాసన చూశాడు. తర్వాత వెలుగులో పెట్టి చూశాడు. ఒక చెంచా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకునే ఇంకో చెంచా. మూడో చెంచాకి నిదానం ఉండబట్టలేక, "చూడమంటే తినేస్తున్నావేంట్రా!" అన్నాడు.

బావ కళ్ళు తెరిచాడు. "చాల్లేదు."

"నీకెప్పుడూ చాలదులే. తమ్ముడూ, నువ్వు చూడు."

నేను చూశాను. అబద్ధం ఎందుకు, నాకూ చప్పగానే ఉంది. రుచి బ్రహ్మాండం, కానీ నాలుక ఇంకేదో అడుగుతోంది. "కొంచెం పడాలి భాయ్," అన్నాను.

నిదానం మొహం వాడిపోయింది. మా బావ మాట కొట్టెయ్యొచ్చు. నా మాట కూడా తోడయ్యేసరికి ఏం చేస్తాడు?

"ఇంట్లో చెప్పిన లెక్క ప్రకారం..."

"ఇంటి లెక్క వేరు, దుకాణం లెక్క వేరు భాయ్!" అని బావ అప్పటికే గుండిగ దగ్గరికి వచ్చి అక్కడున్న ఉప్పు డబ్బా మూత తీశాడు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. జరుగు."

"నిదానం... ఒరేయ్ నిదానం..." అంటూ నిదానం చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

గుప్పెడు పడింది. కలిపారు, చూశాం. బావకి చాల్లేదు. నాకు సగం చాలింది. ఇంకో గుప్పెడు పడింది. ఈసారి చెంచా నాకి బావ ఒక నిట్టూర్పు విడిచాడు.

"ఇప్పుడొచ్చింది దారికి. ఇంకో చిటికెడు పట్టేదే, కానీ భాయ్ భయపడుతున్నాడు."

ఆ చిటికెడు కూడా వేసి మూత పెట్టాడు. మా ఇద్దరికీ ఏదో గట్టి పని చేశామన్న తృప్తి కలిగింది.

పొద్దు గూకడానికి ఇంకాస్త ఉందనగా మా అక్క వచ్చింది. ఆమె రెడీమేడ్ చొక్కాలు కుట్టే షాపులో గుండీలు కుడుతుంది. ఫ్యాను కింద కూర్చుని చేసే పని. పని అవ్వగానే నిదానం దుకాణం చూద్దామని తిన్నగా వచ్చింది.

"బాగా పెట్టావు అన్నయ్యా!" అంది నిదానంతో. "వదిన చేసిందంటే చెప్పేదేముంది. ఏదీ, ఒక చుక్క వెయ్యి, వెనక్కెళ్ళి తింటా."

చిన్న గిన్నె తీసుకుని టార్పాలిన్ వెనక్కి వెళ్ళింది. తర్వాత దగ్గు వినపడింది. ఆ తర్వాత మంచినీళ్ళ సీసా మూత తీసిన చప్పుడు, గటగటా తాగిన చప్పుడు. టార్పాలిన్ పక్కకి తొలగింది.

"ఉప్పు ఎవరు చూశారు?"

మా అక్క అటు చూడకుండానే బావ వైపు వేలు చూపింది.

"ఈయనేనా?"

"నేనొక్కణ్ణే కాదు, మీ తమ్ముడు కూడా చూశాడు," అన్నాడు బావ.

"అన్నయ్యా! పెళ్ళైన దగ్గర్నుంచీ నా వంటలో ఉప్పు చాల్లేదని ఏడ్చే మనిషిని తీసుకొచ్చి ఉప్పు చూడమన్నావా? ఇంకెవరూ దొరకలేదా నీకు? సముద్రం దగ్గరికెళ్ళి చేపనడిగినా నయమే కదయ్యా!"

"మరి తమ్ముడు కూడా..."

"వాడు మాత్రం ఎక్కడి సరుకు? ఆ గోడౌన్ సరుకేగా!" నా భుజం పట్టుకుని గిర్రున తిప్పి నా వీపు నిదానానికి చూపించింది. "చూడు, ఒంట్లో ఉన్న ఉప్పంతా చొక్కాకి పట్టించుకొచ్చారు ఇద్దరూ. పొద్దంతా ఎండలో చెమటోడ్చినవాడికి ఉప్పు గల్లు నోట్లో వేసినా చప్పగానే ఉంటుంది. వీళ్ళ నాలుకలు పట్టుకుని ఊరందరికీ వండితే ఎలా? పాపం పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టనివాళ్ళు తింటారయ్యా దీన్ని!"

నిదానం గరిటె కిందపెట్టాడు. అరవలేదు, తిట్టలేదు. నిదానంగా స్టూలు మీద కూర్చుని, పోయిన మోకాలు మీద చెయ్యి వేసుకున్నాడు.

"మరదలు మంచిదేలే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "అడుగుతుంది పాపం, ఏమన్నా కావాలా అని."

మా బావ మొహం చూడాలి ఆ క్షణాన. సిమెంటు బస్తా కింద పడ్డా ఆ మనిషి మొహం అంత నలగలేదు.

అక్క ఊరుకునే రకం కాదు. పకోడీలవాడి దగ్గరికి పరిగెత్తి బిందెడు వేణ్ణీళ్ళు తెచ్చింది. సగం పోసి కలిపింది. జావ పలచబడింది. ఉప్పు కొంత తగ్గింది. ఇంకాస్త పోయబోయి తనే ఆగింది. "ఇంకా పోస్తే జావ కాదు, గుడ్డలకి పెట్టే గంజి." దానికి తోడు, నీళ్ళు పోసేసరికి గుండిగ ఇంకా నిండింది. ఖాళీ చెయ్యాల్సిన గుండిగ!

షర్బత్తాయన అంతా చూశాడు. గ్లాసులు కొంచెం గట్టిగా తోమడం మొదలుపెట్టాడు, పాట కూనిరాగం తీస్తూ.

ఇంతలో మసీదు నుంచి పిలుపు వినిపించింది. వీధంతా ఒక్కసారి నోరు తెరిచింది. చేతులు ఖర్జూరాల మీదికి వెళ్ళాయి. అప్పటిదాకా అటూ ఇటూ తోసుకుంటున్న జనం ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని నోటికి చెయ్యి ఆనించారు. అంత జనంలో గొంతులో నీళ్ళు దిగే చప్పుడు వినపడింది. మా బావ కూడా ఎందుకో తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

తర్వాత జనం లేచారు. వాసనకి మా మూలకే వచ్చారు. నిదానం గిన్నెలు అందిస్తున్నాడు కానీ ఎవరి మొహంలోకీ చూడట్లేదు. నేను చూశాను. మొదటి చెంచాకి కళ్ళు మూసుకుంటారు, ఆహా అన్నట్టు. రెండో చెంచాకి కళ్ళు తెరుస్తారు. మూడో చెంచాకి అటూ ఇటూ చూస్తారు. ఇదిగో, ఆ చూపు పక్కనే ఉన్న ఎర్రటి జాడీల మీద పడుతుంది.

"ఒక గ్లాసు ఇవ్వు భాయ్."

"ఇటు రెండు!"

"పెద్ద గ్లాసు లేదా?"

షర్బత్తాయన పోస్తున్నాడు. ఒక జాడీ అయిపోయింది. రెండోది దించాడు. కూనిరాగం ఆగిపోయింది, తీసే తీరిక లేదు. విచిత్రమేమిటంటే, షర్బత్ తాగి గొంతు చల్లబడ్డవాళ్ళు చేతిలో మిగిలిన జావ మళ్ళీ తింటున్నారు. అది తినగానే మళ్ళీ షర్బత్. మాలాంటి బరువులు మోసేవాళ్ళు ఇద్దరు మాత్రం షర్బత్ వైపు చూడకుండా రెండోసారి గిన్నె చాపారు. "జావంటే ఇదీ!" అన్నారు. మా బావ వాళ్ళని కౌగిలించుకోబోతే నేను ఆపాను.

అయినా గుండిగ గుండిగే. అడుగున బెత్తెడు మిగిలేదాకా దిగింది, ఆ తర్వాత దిగడం మానేసింది. జనం పలచబడుతున్నారు. ముసలాయన ప్రార్థన అయ్యి వచ్చే వేళవుతోంది.

"ఖాళీ అవడమే కదా కావాల్సింది?" అన్నాడు బావ హఠాత్తుగా. బాసింపట్టు వేసుకుని గుండిగ పక్కన కూర్చున్నాడు. "వెయ్యి భాయ్."

"ఏంట్రా?"

"గిన్నెలో వెయ్యవయ్యా. చేసింది నేను, తినేదీ నేనే."

తిన్నాడు. మా బావ తినడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, కానీ అలా తినడం చూడలేదు. గిన్నె తర్వాత గిన్నె. మొదట్లో అక్క "చాల్లెండి" అంది. తర్వాత "చస్తారు" అంది. తర్వాత పమిట చెంగుతో ఆయన నుదురు తుడిచింది. మధ్యలో ఒకసారి తల ఎత్తి, "నిజం చెప్పాలంటే, నీళ్ళు పోశాక మళ్ళీ కొంచెం..." అన్నాడు.

"చాల్లేదన్నారో, ఈ గుండిగలో ముంచుతా!" అంది అక్క.

అడుగున ఇంకా నాలుగు గరిటెలు ఉండగా మా బావ వెనక్కి ఒరిగిపోయాడు. కళ్ళు తేలేశాడు. "ఇక నా వల్ల కాదు భాయ్," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జావ వల్లో, ఇంకెందువల్లో. నేను రెండు గరిటెలు మింగాను. అంతకుమించి నాకూ చోటు లేదు.

గడియారాల ముసలాయన వచ్చాడు. గుండిగలోకి తొంగి చూశాడు.

"మిగిలింది," అన్నాడు.

"మిగిలింది," అన్నాడు నిదానం. సాకు చెప్పలేదు. మోకాలు పట్టుకుని మెల్లగా లేచి గుండిగ దించబోయాడు.

"ఆగు. రుచి చూడనీ." ముసలాయన చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆయన గడ్డం కాసేపు అటూ ఇటూ కదిలింది. "హు," అన్నాడు. షర్బత్తాయన వైపు తిరిగాడు. "ఒక గ్లాసు ఇవ్వు. త్వరగా."

"లేదు పెద్దయ్యా."

"ఐసు లేదా?"

"ఏదీ లేదు. అయిపోయింది. జాడీలు కడిగి మళ్ళీ కలిపా, అదీ అయిపోయింది. ఇన్నేళ్ళలో మొదటి రోజు ఇంత పోయింది ఎప్పుడూ లేదు." షర్బత్తాయన ఖాళీ జాడీ బోర్లించి చూపించాడు. నిదానం వైపు చూశాడు, గుండిగ వైపు చూశాడు, కింద వెల్లకిలా పడి ఉన్న మా బావ వైపు చూశాడు. "పెద్దయ్యా, ఆ మూల ఇతనికే ఉండనివ్వండి."

"మీ బావమరిది సంగతేంటి?"

"వాడిదేముంది పెద్దయ్యా, పనికిమాలినవాడు. వాడూ షర్బతే పెడతానంటున్నాడు. నా పక్కన షర్బత్ పెట్టి నన్నేం చేద్దామని? ఇతను అయితే కష్టజీవి, మోకాలు పోయినవాడు. మనం కాకపోతే ఎవరు చూస్తారు?"

ముసలాయన మొహంలో నవ్వు గడ్డం లోపలే దాక్కుంది. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు అంటారు. తాగించేవాడు బాగుపడతాడని ఎవరూ చెప్పలేదు," అన్నాడు. నిదానం భుజం మీద చెయ్యి వేశాడు. "మూల నీదే. కానీ రేపు కూడా ఇలాగే ఉందో, నేనే వచ్చి గుండిగ బోర్లిస్తా. నా వయసుకి ఇంత ఉప్పు పనికిరాదు."

నిదానం ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, అడుగున మిగిలిన ఆ జావ గిన్నెలో వేసుకున్నాడు. అప్పటిదాకా ఆయన ఒక్క ఖర్జూరం తప్ప ఏమీ తినలేదని మాకప్పుడు గుర్తొచ్చింది. ఒక చెంచా తిన్నాడు. మొహం వంకరపోయింది.

"ఒరేయ్ చాల్లేదూ," అన్నాడు కింద పడున్న మా బావతో, "దీన్నెలా తిన్నావురా అంత?"

"బాగుంది భాయ్," అన్నాడు బావ పడుకునే. "అంతా నా లెక్క ప్రకారమే జరిగింది. షర్బత్ పక్కన ఉందని చూసే వేశా ఉప్పు."

అక్క ఆయన డొక్కలో వేలితో ఒక పోటు పొడిచింది. కుండ నిండా తిన్నవాణ్ణి అక్కడ పొడవకూడదు.

మర్నాడు అక్క ఒక పద్ధతి పెట్టింది. పని దిగగానే బావ ఇంటికెళ్ళి స్నానం చెయ్యాలి. నీడలో కూర్చుని చెంబెడు మజ్జిగ తాగాలి. ఒళ్ళు చల్లబడ్డాకే బజారుకి రావాలి. వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పక్కన అక్కతో సహా. వదిన కట్టిచ్చిన మూట గుండిగలో పడింది. టార్పాలిన్ వెనక బావ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మేమందరం ముందుకి వంగాం. జాడీలు సర్దుకుంటున్న షర్బత్తాయన కూడా మెడ సాచాడు.

బావ కళ్ళు తెరిచాడు. తన నోరే తనకి అన్యాయం చేసినట్టు అయోమయంగా చూశాడు.

"సరిపోయింది," అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగి చూసింది. ఆ చూపులో, పెళ్ళైన దగ్గర్నుంచీ కట్టిన డబ్బాలన్నీ వరసగా మూతలు తీసుకుని నిలబడ్డాయి.

"సరిపోయిందా?" అన్నాడు షర్బత్తాయన, ఇంట్లో ఎవరో పోయారని విన్నవాడిలా. "సరిగ్గా చూశావా అన్నా? ఇంకోసారి చూడు. ఒక చిటికెడు... ఏమో, పట్టదంటావా?"

బావ ఆయన వైపు చూశాడు. ఉప్పు డబ్బా వైపు చూశాడు. చెయ్యి మెల్లగా కదిలింది.

నిదానం ముందే చెయ్యి చాచాడు. ఆ డబ్బా తీసి స్టూలు మీద పెట్టి, దాని మీద తువ్వాలు మడతపెట్టి, నిదానంగా దాని మీద కూర్చున్నాడు.